కోడె కడిగిన నీళ్లు

పశువుల డాక్టరుగా నాకు మొదటి పోస్టింగు దేవరకొండ నుంచి నందికొండ వైపు పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక ఊళ్లో వచ్చింది. రాష్ట్రం వచ్చి అప్పటికి రెండు మూడేళ్లు అయి ఉంటుంది. దవాఖాన బోర్డు మీద పాత రాష్ట్రం పేరును సున్నంతో కప్పి దాని మీద 'తెలంగాణ' అని రాయించారు. వాన పడినప్పుడల్లా సున్నం కారి, పాత అక్షరాలు మసకగా బయటికి వచ్చేవి. మా అటెండరు ఎండ కాయగానే బకెట్టుతో సున్నం కలుపుకొని నిచ్చెన ఎక్కేవాడు. ఆ పని ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు.

దవాఖానలో మేమిద్దరమే. ఆయన వయసు నా వయసుకు రెండింతలు, పశువుల గురించి ఆయనకు తెలిసింది నాకు తెలిసినదానికి ఎన్నింతలో చెప్పలేను. నేను ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. మాది మహబూబ్‌నగర్. అక్కడి నుంచి చదువుకోవడానికి హైదరాబాదు, ఉద్యోగానికి ఇక్కడికి. ఎక్కడికి పోయినా మా అమ్మ ఫోన్లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఇయ్యాల ఏం పని చేసినవ్ బిడ్డా అని. బంధువులు పక్కన కూర్చొని ఉంటే మాత్రం అడిగేది కాదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్తానని ఆమె భయం.

తొలకరి పడిన రోజుల్లో ఒక రైతు ఎర్రటి ఆవును తోలుకొని వచ్చాడు. మా ఊరికి రెండు మైళ్ల దూరంలో, గుట్ట కింద ముప్పై నలభై ఇళ్ల పల్లె ఒకటి ఉంది, అక్కడి మనిషి. నన్ను చూసి నమస్కారం పెట్టి, కాకాను పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆడపిల్ల ముందు ఎదకు వచ్చుడు, దాటించుడు లాంటి మాటలు ఎట్లా మాట్లాడాలని మొహమాటం. కాకా మధ్యవర్తిలా నిలబడి, "మేడం, ఆవు పొర్లుతాందట," అన్నాడు. అంటే ఆవు ఎదకు వచ్చింది, కోడెతో దాటించారు, చూలు కట్టిందనుకున్నారు, రెండు నెలలు పోయాక మళ్లీ ఎదకు వచ్చింది. అట్లా ఆ ఏడాదిలో మూడుసార్లు.

పుస్తకంలో దీనికి కారణాలు ఒక పేజీ ఉంటాయి. నేను మొదటి రెండు కారణాలకు మందు ఇచ్చాను. కడుపులో పురుగులకు గోలీలు, దాణాలో కలిపే ఖనిజ లవణాల పొడి. రైతు సంతోషంగా తీసుకుపోయాడు. నెల తిరగక ముందే మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన వెనుక ఇంకో ఇద్దరు, రెండు ఆవులు. అందరూ కాకా చెవిలోనే మాట్లాడారు. అందరి ఆవులూ పొర్లుతున్నాయి.

ఒక మధ్యాహ్నం గట్టి వాన. ఎవరూ రాలేదు. కాకా బోర్డు వైపు చూసి నిట్టూరుస్తూ కూర్చున్నాడు. నేను రిజిస్టరు తెరిచి, నా కంటే ముందు పనిచేసిన డాక్టరు రాసిన పేజీల నుంచి చూసుకుంటూ వచ్చాను. పొర్లుతున్న ఆవులు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒకటీ అరా ఉన్నాయి, అది మామూలే. గుట్ట కింది పల్లె నుంచి మాత్రం ఏడు. ఒక ఆవు మూడో నెలలో ఈసుకపోయిందని, అంటే కడుపు పోయిందని, ఇంకొక దానికి చీములాంటి తెల్ల మైల పడుతోందని ఉంది. ఆ ఏడు వరుసలనూ మళ్లీ మళ్లీ చదివాను. చదువుకున్న రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష అయిపోగానే మరిచిపోయిన పేజీ ఒకటి కళ్ల ముందుకు రాసాగింది.

మరుసటి రోజు కాకాను స్కూటీ వెనుక కూర్చోబెట్టుకొని ఆ పల్లెకు పోయాను. ఆడమనిషి నడిపే బండి మీద వెనుక కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి. మందుల పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకొని, దారిలో ఎదురైన ప్రతివాళ్లకూ, "పని మీద పోతున్నం," అని చెప్తూ వచ్చాడు.

మొగవాళ్లతో మాట్లాడితే పని కాదని నాకు అప్పటికే అర్థమైంది. ఆడవాళ్ల దగ్గరికి పోయాను. వాళ్లకు మొహమాటం ఏమీ లేదు. పేడ తీస్తూ, సొప్ప కోస్తూ, ఏ ఆవు ఎప్పుడు ఎదకు వచ్చింది, ఎప్పుడు దాటించింది, ఎన్నో రోజుకు మళ్లీ అరిచింది, మైల ఏ రంగులో పడింది అన్నీ పూస గుచ్చినట్టు చెప్పారు. నేను రాసుకుంటూ పోయాను. సాయంత్రానికి రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, ఆ పల్లెలో బర్లకు ఏ ఇబ్బందీ లేదు. అవే ఇళ్లు, అదే మేత, అవే నీళ్లు, బర్లు మాత్రం ఏడాదికొకసారి హాయిగా ఈనుతున్నాయి. రెండోది, ఒక ఇంట్లో ఆవుకు మా దవాఖానలో ఎద సూది, అంటే కోడె లేకుండానే విత్తనం ఎక్కించే సూది, వేయించారు, కోడె దగ్గరికి పోలేదు. ఆ ఆవు నిండు చూలుతో గుమ్మం ముందు నెమరు వేస్తోంది.

మిగతా ఆవులన్నీ ఒకే కోడె దగ్గరికి పోయాయి.

ఆ కోడె ఒక అవ్వది. ఆమె ఇల్లు పల్లె చివర, కంది చేనుకు ఆనుకొని ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతురు నల్గొండలో ఉంటుంది, రమ్మంటే ఈమె పోదు. తల్లి చచ్చిన లేగను ఎవరో వదిలేస్తామంటే తెచ్చుకొని, సీసాతో పాలు పట్టి పెంచిందట. ఇప్పుడది తెల్లగా, ఎత్తైన మూపురంతో, నల్లటి కళ్లతో గోడలా నిలబడి ఉంటుంది. అవ్వ ఎత్తు దాని భుజం దాకా రాదు. దాన్ని ఆమె 'కొడుకా' అనే పిలుస్తుంది. ఎవరు ఆవును తోలుకొచ్చినా కాదనదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. పల్లెలో పుట్టిన ప్రతి తెల్ల దూడనూ చూసి, ఇది నా మనుమడు, అది నా మనుమరాలు అని చెప్పుకొని మురిసిపోయేది. ఈ రెండేళ్లుగా అట్లా చెప్పుకునే అవకాశం తగ్గిపోయిందని ఆమె కూడా గమనించే ఉండాలి. కానీ ఆ మాట ఎవరూ ఆమె ముందు అనలేదు.

నేను అన్నాను. కొత్త ఉద్యోగం, తెలిసింది చెప్పేయాలన్న తొందర. అవ్వా, లోపం ఆవుల్లో లేదు, నీ కోడెలో ఏదో ఉందని నా అనుమానం, పరీక్ష చేస్తాను అన్నాను. ఆమె చేతిలో ఉన్న చాట కింద పెట్టి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నా కొడుకుకు రోగమున్నట్టు కనవడుతున్నదా బిడ్డా నీకు? మూతి సూడు, కన్ను సూడు. పేడ సూడు. ఏమన్న తక్కువుందా?"

తక్కువేమీ లేదు. అదే ఈ జబ్బులో ఉన్న చిక్కు. ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి ఒకటి ఉంది. కంటికి కనిపించదు. కోడె జననాంగాన్ని కప్పి ఉండే తోలు ముడతల్లో కాపురం పెడుతుంది. కోడెకు నొప్పి ఉండదు, జ్వరం రాదు, మేత తగ్గదు. అది ఎన్నేళ్లు మోస్తున్నా దానికే తెలియదు. ఆవుతో కలిసినప్పుడు ఆవు గర్భసంచిలోకి పోయి, కట్టిన పిండాన్ని కట్టినట్టే కరిగించేస్తుంది. ఇదంతా నేను చెప్పాను. అవ్వ విన్నది. విని, నన్ను ఇంటికి పొమ్మని చెప్పి మళ్లీ చాట తీసుకుంది.  దవాఖాన చేరి బండి దిగాక కాకా, ఎవరి బిడ్డకైనా వంక పెట్టేటప్పుడు ముందు కూర్చొని మంచినీళ్లు తాగాలి మేడం అన్నాడు.

రెండో రోజు పోయి కూర్చొని మంచినీళ్లు తాగాను. మూడో రోజు చాయ్ ఇచ్చింది. కోడెను ఎట్లా పెంచిందో, అది మొదటిసారి తాడు తెంపుకొని ఎవరి చేను తొక్కిందో అన్నీ చెప్పింది. నాలుగో రోజు తనే అడిగింది, ఆ పరీక్ష ఎట్ల చేస్తవని. దానికి ఆమె రెండు షరతులు పెట్టింది. ముక్కుతాడు గుంజొద్దు, తనే పట్టుకుంటుంది. ఇంకొకటి, నేను ఉందంటున్న ఆ పురుగును ఆమె కళ్లతో ఆమె చూడాలి.

నల్గొండలో పరీక్షల ల్యాబు చూసే ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. ఫోన్ చేసి ఆయన్ని అడిగాను. వారం రోజులు కోడెను ఏ ఆవు దగ్గరికీ పోనీయకుండా కట్టేయమన్నాడు, అప్పుడు ఆ జీవులు ఎక్కువగా పోగవుతాయి. తర్వాత ఒంటి వేడి ఉన్న ఉప్పు నీళ్లను రబ్బరు గొట్టంతో ఆ తోలు సంచిలోకి ఎక్కించి, బయటి నుంచి బాగా పిసికి, ఆ నీళ్లను తిరిగి పట్టాలి. అడుగున పేరుకున్నదాన్ని చల్లారక ముందే మైక్రోస్కోపు కింద చూడాలి.

చెప్పడానికి నాలుగు మాటలు. చేయడానికి ఒక పూట పట్టింది. ఉప్పు నీళ్లు చల్లారకుండా కాకా తన చాయ్ ఫ్లాస్కును త్యాగం చేశాడు. అవ్వ కోడె మెడ కింద గోకుతూ దానితో కబుర్లు చెప్తోంది. నేను కింద గొంతుక్కూర్చొని గొట్టం పెట్టాను. కోడె ఒక్క క్షణం ఆలోచించింది. నీళ్లు లోపలికి పోయిన మరుక్షణం తన నీళ్లన్నీ నా మీద వదిలింది. తల నుంచి చెప్పుల దాకా తడిశాను. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాకా తల పక్కకు తిప్పుకున్నాడు గానీ ఆయన భుజాలు ఊగుతున్నాయి. అవ్వ అప్పుడు మొదటిసారి నా ముందు నవ్వింది. నవ్వుతూనే బిందెడు నీళ్లు, తన చీర ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆ ముదురు ఆకుపచ్చ చీరలోనే రెండోసారి ప్రయత్నించాను. ఈసారి కోడె తోక ఎత్తి పేడ వేసింది, అందులో కొంత సీసా మీద పడింది. సీసా మూతి తుడిచి, దొరికిందే చాలని దవాఖానకు పరిగెత్తాం.

స్లైడు మీద ఒక చుక్క వేసి మైక్రోస్కోపులోకి చూశాను. ఉన్నాయి. చిన్న చిన్న బేరిపండ్ల ఆకారంలో, కొరడాల్లాంటి సన్నటి తోకలు ఆడిస్తూ, ఒక పక్కకు పొర్లుతూ, కుదుపులు కుదుపులుగా ఈదుతున్నాయి. కుర్చీలోంచి లేచి కాకాను చూడమన్నాను. ఆయన చూసి, తూనీగలు నీళ్లలో పడ్డట్టుంది మేడం అన్నాడు. నేను ఆకుపచ్చ చీరలోనే నల్గొండకు ఫోన్ చేశాను. పెద్ద డాక్టరు అంతా విని ఒక్కటే అడిగాడు.

"పేడ పడ్డదా అమ్మా సీసల?"

పడ్డది సార్ అన్నాను.

ఆయన తాపీగా చెప్పాడు. పశువుల పేగుల్లో కూడా ఇట్లాంటి తోకల జీవులే ఉంటాయి. అవి ఏ అపకారమూ చేయవు, పుట్టినప్పటి నుంచి అక్కడే బతుకుతాయి. పైకి చూస్తే దీనికీ వాటికీ అన్నదమ్ముల పోలిక. నువ్వు చూసింది పేగులోదో, కోడె తోలు ముడతల్లోదో నువ్వు చెప్పలేవు, నేను కూడా చెప్పలేను. పేడ ఆనవాలు లేకుండా మళ్లీ పట్టు. వారానికొకసారి, మూడుసార్లు పట్టు. ఒకసారి చూసి ఒక కోడె బతుకును తేల్చొద్దు.

ఫోన్ పెట్టేసి స్లైడు కడిగేశాను. ఆ సాయంత్రమే అవ్వను పిలిపించి ఆ స్లైడు చూపించి ఉంటే, అబద్ధమో నిజమో తెలియకుండానే ఆమె కొడుకు మీద ముద్ర వేసి ఉండేదాన్ని. అమ్మ ఫోన్ చేసి ఏం పని చేసినవని అడిగింది. కోడె కింద కూర్చున్నానని చెప్పాను. పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, అమ్మ వెంటనే వానల గురించి మాట్లాడింది.

తర్వాతి వారం సరిగ్గా చేశాం. ముందు రోజు కోడెను శుభ్రంగా కడిగించాను. ఆ చోట వెంట్రుకలు కత్తిరించాను. కాకా వెనుక నిలబడి పేడ పడకుండా రేకు పట్టుకున్నాడు. నాకు ఎటు జరగాలో, కోడెకు నేను ఏం చేయబోతున్నానో తెలిసినట్టే ఉంది. నీళ్లు తేటగా వచ్చాయి. దవాఖానలో సీసాను కాసేపు నిలబెట్టి, అడుగు చుక్క తీసి చూశాను. మొదటి స్లైడులో ఏమీ లేదు. రెండో దాంట్లో లేదు. మూడో దాంట్లో ఒక మూల ఒకటి పొర్లింది. దాని వెనకే ఇంకొకటి. మూడో వారం కూడా అంతే, తక్కువే గానీ ఉన్నాయి. ఈసారి పేడ లేదు.

అయినా పెద్ద డాక్టరు తన ల్యాబులో పెంచి చూస్తానన్నాడు. నీళ్లు వెచ్చగా నల్గొండ చేరాలి. కాకా ఆ గాజు గొట్టాన్ని గుడ్డలో చుట్టి, అంగీ లోపల బనియనుకు ఆనించి పెట్టుకొని బస్సెక్కాడు. దారిలో ఆయన మాటిమాటికీ రొమ్ము తడుముకోవడం చూసి కండక్టరు, ఏంది పెద్దమనిషీ, గుండెల నొస్తాందా, దవాఖాన కాడ ఆపమంటవా అని అడిగాడట. నొప్పి కాదు, కోడె కడిగిన నీళ్లు అన్నాడట ఈయన. పక్కన కూర్చున్నతను లేచి వేరే సీటుకు పోయాడట. వచ్చాక ఆ ముచ్చటను పది మందికి పది రకాలుగా చెప్పాడు. నాలుగైదు రోజులకు ల్యాబు నుంచి కబురు వచ్చింది. అదే, అనుమానం లేదు.

మాట ఇచ్చినట్టే అవ్వకు చూపించాలి. కోడెను మరోసారి కడిగి, స్లైడు సిద్ధం చేసి, ఆమెను దవాఖానకు పిలిపించాను. ఒక కంటికి అంతకుముందే ఆపరేషన్ అయింది, ఆ కంటితో చూడమన్నాను. ఆమె ఎత్తుకు మైక్రోస్కోపు అందలేదు, కాకా స్టూలు వేశాడు. మొదట తన కనురెప్పే కనిపిస్తోందంది. తర్వాత వెలుతురు కనిపించింది. ఆ తర్వాత రెండు చేతులా బల్ల అంచు పట్టుకొని ఇంకా వంగింది. మేమిద్దరం ఆమె వెనుక నిలబడి ఉన్నాం. ఆమె కన్ను తీయకుండానే అంది.

"గింతంత దానికి గంత పెద్దోడు ఇల్లయిండా."

తర్వాత స్టూలు దిగి, కోడెకు దీనివల్ల నొప్పి ఉంటుందా అని అడిగింది. ఉండదన్నాను. అయితే తప్పు ఎవరిది అని అడిగింది. ఎవరిదీ కాదు అవ్వా, ఎప్పుడో బయటి నుంచి వచ్చిన ఏదో ఆవు నుంచి దీనికి అంటుకొని ఉంటుంది, ఇది తెలియక మోసింది అన్నాను. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడంలో కోపం పోయిందని నాకు తెలిసింది. బాధ పోలేదు.

ఆ మరుసటి రోజు నుంచి మా దవాఖానకు పల్లె మొత్తం రాసాగింది, ఆవులు లేకుండా. అవ్వ చూసిందంట, మేమూ చూస్తాం అని. రెండు రోజులు కాకా వరుసలో నిలబెట్టి చూపించాడు. చుక్క ఆరిపోయాక కూడా చూపించాడు. అప్పుడు కూడా కొందరు కనిపించిందనే అన్నారు. దాంతోపాటు ఒక భయం కూడా పల్లెలో పాకింది, ఆ ఆవుల పాలు తాగితే మనుషులకు అంటుతుందేమోనని. చాయ్ దుకాణంవాళ్లు ఆ పల్లె పాలు తీసుకోవడం ఆపేశారు. నేను పోయి, ఇది మనుషులకు వచ్చేది కాదు, పాలల్లోకి రాదు అని చెప్పాను. చెప్తే వినలేదు. ఎర్రావు రైతు ఇంటి పాలతో అదే దుకాణంలో చాయ్ పెట్టించి, అందరి ముందూ రెండు గ్లాసులు తాగాను. కాకా మూడు తాగాడు. మర్నాటి నుంచి పాలు మామూలుగా పోయాయి.

ఇక కోడెను ఏం చేయాలన్న మాట మిగిలింది. ఆవుల సంగతి తేలికే. మూడు నాలుగు నెలలు ఏ కోడెతోనూ కలపకుండా ఉంచితే చాలా ఆవులు తమంతట తామే దీన్ని వదిలించుకుంటాయి. చీము పట్టినవాటికి మందు వేయాలి. తర్వాత ఎద సూది వేయించుకోవచ్చు. కోడెకు మాత్రం అది పోదు. వయసు పెరిగే కొద్దీ ముడతలు లోతవుతాయి, అది అక్కడే ఉండిపోతుంది.

అవ్వ వాకిట్లో అందరూ కూర్చున్నారు. ఎర్రావు రైతు, మంచి సలహా ఇస్తున్నాననే అనుకొని, దేవరకొండ అంగట్ల పెడితే ఇట్టే అమ్ముడుపోతదవ్వా, సూపుకు రాజు లెక్కుంటది అన్నాడు. ఒకరిద్దరు అవునన్నారు.  అమ్మితే అది ఇంకో ఊరు పోతుంది, అక్కడి ఆవులు పొర్లడం మొదలవుతుంది, అక్కడ రిజిస్టరు తిరగేసేవాళ్లు ఉంటారో ఉండరో. ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది.

"పక్కూరి ఆవులు ఆవులు గావా? నా ఇంటి రోగం నా వాకిట్లనే ఆగాలె. విత్తులు కొట్టు బిడ్డా. నాగలికి నడుస్తడు. నా కొడుకు నా కాన్నే ఉంటడు."

 ఎర్రావు రైతు తల గోక్కున్నాడు. అప్పటిదాకా నేను సంపాదించిన సైన్సు మొత్తం కంటే ఆ నాలుగు మాటలే ఆ చుట్టుపక్కల ఊళ్లను కాపాడాయని ఇప్పటికీ అనుకుంటాను.

మత్తు సూది వేసి ఆ పని నేనే చేశాను. అవ్వ ఆ అరగంట కంది చేనులోకి పోయి కూర్చుంది. అయిపోయిందని కాకా పిలిస్తే బెల్లం ముద్దతో వచ్చింది. కోడె కోపంగా ఉంది గానీ బెల్లం వద్దనలేదు. నేను చేతులు కడుక్కుంటున్నాను. ఆమె మిగిలిన బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది.

ఆ నాలుగు నెలలు ఆవులను కాయడం పెద్ద పని. పల్లెవాళ్లు మాట మీద నిలబడ్డారు, ఒక్కడు తప్ప. అతనికి అలవాటు పోలేదు. కోడె ఇంకా పూర్తిగా చల్లబడని రోజుల్లో, తెల్లవారుజామున చప్పుడు కాకుండా తన ఆవును అవ్వ ఇంటి వెనక్కు తోలుకొచ్చాడు. అవ్వ కొట్టం గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకొని పడుకుంది. అతను ఆమెను దాటలేక, లేపలేక నిలబడితే, ఆమె కళ్లు మూసుకొనే, ఇప్పుడు సల్లగ ఇంటికి పో, లేకుంటే డాక్టరమ్మకు చెప్పి నీక్కూడ గదే పని చేయిస్త అందట. ఆ మాట పల్లె దాటి మా దవాఖాన దాకా, అక్కడి నుంచి చాయ్ దుకాణం దాకా వచ్చింది. అతను ఆ తర్వాత చాలా రోజులు నేను ఎదురైతే రోడ్డు మారి నడిచేవాడు.

చలికాలం వచ్చింది. పత్తి ఏరడం అయిపోయింది. ఆవులు ఒక్కొక్కటే ఎదకు వచ్చాయి, ఒక్కొక్కటిగా మా ఇనుప బోనులోకి వచ్చి నిలబడ్డాయి. ఎద సూది వేయడంలో నాకు అప్పటికి పెద్ద అనుభవం లేదు. మొదటి మూడింటిలో ఒకటే నిలిచింది. మిగతా రెండు మళ్లీ ఎదకు వచ్చాయి. పల్లె నన్ను అనుమానంగా చూసింది, నన్ను నేను ఇంకా అనుమానంగా చూసుకున్నాను. రోగం పోలేదేమోనని మళ్లీ పరీక్షలు చేశాను, ఏమీ లేదు. చివరికి కాకా మెల్లగా చెప్పాడు, ఆవు పొద్దున అరిస్తే నేను మధ్యాహ్నం లోపే తొందరపడి వేసేస్తున్నానట, సాయంత్రం దాకా ఆగాలట. పుస్తకంలోనూ అదే ఉంది, నేనే ఆగలేకపోయాను. ఆగడం నేర్చుకున్నాక నిలిచాయి. ఎర్రావు కూడా నిలిచింది. మూడు నెలలకు లోపల చెయ్యి పెట్టి చూసి, ఉంది అన్నాను. ఆ రైతు అప్పుడు మాత్రం కాకా చెవి వెతుక్కోలేదు. నేరుగా నా వైపు తిరిగి, "సూలేనా మేడం? మంచిగ సూసినవా?" అన్నాడు. మంచిగా చూశానన్నాను. మళ్లీ చూడమన్నాడు. మళ్లీ చూశాను.

ఈలోపు అవ్వ కోడె నాగలి నేర్చుకుంది. నేర్చుకుంది అనడం కంటే, నాగలి దాన్ని భరించడం నేర్చుకుంది అనాలి. మొదటి రోజు చాలు వంకరగా పోయి పక్క చేనులోకి దారి తీసింది. తర్వాత జతకు పక్క ఇంటి ఎద్దు ఒకటి దొరికింది, నిదానమైనది. దాని పక్కన నడిచి నడిచి ఇదీ నిదానపడింది. లావెక్కింది. అవ్వ నేను పోయినప్పుడల్లా, తిండి పెరిగింది, పని తగ్గింది, గవర్నమెంటు నౌకరి దొరికినట్టున్నది వీనికి అని నా వైపు చూసి నవ్వేది.

మరుసటి ఏడు వానాకాలం చివర ఆ పల్లెలో ఆవులు ఈనడం మొదలుపెట్టాయి. ఇంచుమించు అన్నీ ఒకే నెలలో చూలు కట్టాయి కాబట్టి ఒకే నెలలో ఈనాయి. ఒక రోజు మూడు. ఎర్రావుది కష్టమైన కాన్పు, లేగ ఒక కాలు మడిచి పెట్టుకుంది. మోచేతి దాకా సబ్బు రాసుకొని దాన్ని సరిచేసి లాగితే ఎర్రటి పెయ్య దూడ బయటపడింది. తుమ్మింది. ఆ రైతు భార్య దాని మూతి తుడుస్తూ ఏడ్చింది, ఆయన మాత్రం కొట్టం అంతా తిరుగుతూ కనపడినవాళ్లకల్లా పెయ్య, పెయ్య అని చెప్పాడు. అవ్వ ఆ రోజు అక్కడే ఉంది. ఇవి ఆమె మనుమలు కారని అందరికీ తెలుసు, ఎక్కడి నుంచో గడ్డకట్టిన గొట్టాల్లో వచ్చిన విత్తనం. ఆమె ఆ దూడను దగ్గరికి తీసుకొని, చెవులు లాగి చూసి, వీళ్ల తండ్రి మొగం మనమెవ్వరం సూడలేదు గానీ, తాత మాత్రం మా వాడే అని తేల్చింది. 

అదే వారం మా దవాఖానకు జున్ను రావడం మొదలైంది. ఈనిన ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నె. కొందరు బెల్లంతో, కొందరు మిరియాల పొడి వేసి, ఒకామె యాలకులు వేసి. పొద్దున వచ్చేసరికి బల్ల మీద రిజిస్టరు పెట్టే చోటు కూడా ఉండేది కాదు. ఎవరి గిన్నె ఎవరిదో మరిచిపోకుండా కాకా ఒక్కోదాని మీద సున్నంతో గుర్తు పెట్టాడు. నాలుగో రోజుకు నాకు జున్ను చూస్తే కళ్లు తిరిగాయి, అయినా తినకపోతే ఊరుకునేవాళ్లు కారు. ఆడవాళ్లు గిన్నె పట్టుకొని నిలబడి, తినేదాకా కదిలేవాళ్లు కాదు. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఇంట్లో ఎవరుంటే వాళ్లందరి ముందూ గట్టిగా చెప్పమన్నాను. ఆమె చెప్పిందట. అందరూ విని, అయితే ఇంత జున్ను ఏం చేస్తావని అడిగారట.

తర్వాత నాకు బదిలీ అయింది, సొంత జిల్లా వైపే. ఇప్పుడు నా కింద ఇద్దరు కొత్త డాక్టర్లు పనిచేస్తున్నారు. ఈ మధ్య అందులో ఒకమ్మాయి స్లైడు పట్టుకొని నా గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది, కళ్లు మెరుస్తున్నాయి, ఈదుతున్నయి మేడం అంది. నేను కుర్చీ జరిపి కూర్చోమన్నాను. మంచినీళ్లు ఇచ్చాను. ఆమె తాగింది. ఆ తర్వాత ఇద్దరం కలిసి మైక్రోస్కోపు దగ్గరికి నడిచాం.